నీరు విడిచిన నేల

ఇందూరు, అనగా నిజామాబాదు, సీమకు ఉత్తరపు హద్దున, కందకుర్తికడ మంజీరను తనలో కలుపుకొనిన గోదావరి, తూర్పునకు సాగి శ్రీరామసాగర జలాశయములో నిలుచుటకు ముందు, మేకల సంతకు పేరుపొందిన నవీపేటకు చేరువనున్న యంచ, కోస్లి మున్నగు గ్రామముల పొలములను ఒరసికొని పోవుచున్నది. ఆ పొలములలో నదివైపునున్న భాగమునకు ఏడాదిలో రెండు జన్మములు కలవు. శ్రావణ భాద్రపదములలో ఎగువనుండి వరదవచ్చి జలాశయము నిండినప్పుడు అది నీటికి అడుగు. కాలువలకు నీరు విడిచిన కొలది, ఎండలు ముదిరిన కొలది, నీరు గజము గజముగా వెనుకకు జరుగగా బయటపడిన ఆ నేలయే తొలుత మోకాలిలోతు బురదయై, పిదప పశువు కాలు దిగబడని తేమనేలయై, కడకు విత్తు పట్టునంతటి పదునుగల రేగడియై రైతునకు వశమగును. నీరు ఇచ్చినంతకాలము దున్నుకొని, నీరు అడిగిననాడు మాటాడక లేచిపోవలసిన ఇటువంటి భూమిని తెలంగాణమున శిఖము అందురు.

నిజాము రాజ్యపు శిస్తు లెక్కలలో తరి (మాగాణి), ఖుష్కీ (మెట్ట), బాగాతు (తోట) అను తరగతుల ప్రక్కన వేఱుగా నిలిచిన ఈ శిఖమునకు, కోటలకును శాసనములకును దక్కిన పుటలలో శతాంశమైనను మన చరిత్ర గ్రంథములలో దక్కలేదు. అయినను నీటికిని నేలకును నడుమ మన పల్లెలు చేసికొనిన ఒడంబడికలలో ఇంతకంటె వివేకము గలది మఱొకటి లేదని నా నమ్మకము. గడచిన నూఱేండ్లలో ఈ సీమయందు జరిగిన గొప్ప కట్టడములను, వాని వలన కలిగిన కలిమిని, ఆ కలిమిలో కొందఱకు మాత్రమే సంక్రమించిన నష్టమును ఈ శిఖముల అంచున నిలిచి చూచినచో తేటపడునని తోచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

చెఱువునకు కట్ట వేసిననాడే దాని గర్భము ఎవరిదన్న ప్రశ్న పుట్టును. చెఱువు త్రవ్వించినవానికి దాని క్రింద సాగగు భూమిలో పదియవ పాలు దశబంధముగా నిచ్చు ఆచారము కాకతీయుల కాలపు తెలుగుదేశమున స్థిరపడియుండెను. కాని అది కట్టకు దిగువనున్న పొలములోని వంతు. కట్టకు ఎగువన, మత్తడి ఎత్తునకు నీరు నిండినప్పుడు ఎంతదూరము ప్రాకునో అంతవఱకు గల నేలను మాత్రము మన పెద్దలు నీటి సొత్తుగానే ఎంచిరి. అందు కొన్నిచోట్ల పట్టాలు లేకపోలేదు. అయితే శిఖము పట్టాదారునకు కడమ పట్టాదారులకున్న స్వాతంత్ర్యము లేదు. నీరు తగ్గినప్పుడే అతడు దున్నవలెను. గట్టువేసి నీటిని అడ్డగింపరాదు, మన్ను పోసి మెరక చేయరాదు, తన పైరు మునుగుచున్నదని తూము తెఱిపించి దిగువవారి నీటిని పారబోయించరాదు. అకాలవర్షమునకు చెఱువు నిండి చేతికి వచ్చిన పంట మునిగినచో ఆ నష్టమును అతడే భరింపవలెను. ఎవరిమీదను వ్యాజ్యమునకు వీలులేదు. కట్ట క్రింద నీరు పంచు నీరటికానికి మడిమడికి ఇంతయని లెక్క ఉన్నట్లే, కట్టకు ఎగువ విత్తువానికిని ఈ కట్టుబాట్లన్నియు నోటిమాటగానే తరతరములు నడచినవి.

ఈ సాగులోని వరుస చూడదగినది. వెలుపలి అంచు ముందుగా బయటపడును గనుక అచ్చటివానికి కాలము హెచ్చు, తేమ తక్కువ. నడిమి పల్లమువానికి తేమ హెచ్చు, కాలము తక్కువ. కావున అంచున ఒక పైరు, లోపల వేఱొక పైరు, ఇంకను లోపల పంట వేయుటకు వేళ చాలనిచోట పసరముల మేత, ఇట్లు నీరు తగ్గిన గీతలవెంబడి పైరులు వలయములుగా ఏర్పడును. శనగకు గాని జొన్నకు గాని తడిపెట్టు పనిలేదు, నేలలో దాగిన తేమయే చాలును. ఏటేట వరద తెచ్చి పఱచు ఒండ్రు ఉండగా ఎరువునకై వెదకనక్కఱలేదు. నడివేసవిలో గొల్ల కుఱుమల మందలు అక్కడకే దిగును, కుమ్మరి తన సారెకు మట్టి అక్కడనే త్రవ్వుకొనును, రైతు ఆ పూడికమట్టిని బండ్లకెత్తి తన చెలకలకు తోలుకొనును. మట్టి తీసినకొలది చెఱువు లోతగును, చెలకకు బలము వచ్చును. ఒక పనితో రెండు అక్కఱలు తీరును. నడుమ చిరకాలము మఱుగునపడిన ఈ పూడికతీతను తెలంగాణ ప్రభుత్వము ‘మిషన్ కాకతీయ’ అను పేర తిరిగి చేపట్టినప్పుడు, 2015 మార్చి 12న తొలి గడ్డపాఱ పడినది ఆనాటి నిజామాబాదు జిల్లాలోని సదాశివనగరు చెఱువులోనే యగుట ఈ సీమవారమైన మాకు ఆనందదాయకమైన విషయము.

నీటినుండి నేలను శాశ్వతముగా గెలుచుకొనుటలో లోకప్రసిద్ధి గాంచినవారు హాలెండు దేశస్థులు. ఆమ్‌స్టర్‌డామ్ నగరమునకు ఉత్తరమున బేమ్‌స్టర్ అను విశాలమైన సరస్సొకటి ఉండెడిది. తూర్పుదేశముల వాణిజ్యమున ధనమార్జించిన డిర్క్ వాన్ ఓస్ మున్నగు వర్తకులు ఆ సరస్సును ఎండగట్టి పొలము చేయుటకు 1607లో అనుమతి పొంది, దాని చుట్టును 38 కిలోమీటర్ల పొడవున కట్ట వేయించి, కట్టవెంబడి వలయాకారపు కాలువ త్రవ్వించి, 43 గాలిమరలను నిలిపి, లోపలి నీటిని అంచెలంచెలుగా పైకెత్తి ఆ కాలువలో పోయించిరి. పని ముగింపునకు వచ్చుచుండగా 1610లో తుపాను వచ్చి సముద్రపు కట్ట తెగి సరస్సు మరల నిండినది. వారు వెనుదీయక కట్టను ఇంకను ఎత్తుచేసి 1612 నాటికి ఏడువేల హెక్టార్లకు పైబడిన సరస్సు అడుగును ఎండజేసిరి. సముద్రమట్టమునకు సుమారు మూడున్నర మీటర్ల దిగువనున్న ఆ నేలపై, బల్లపై గీచినట్టుగ బాటలను కాలువలను నిట్టనిలువుగా అడ్డముగా తీర్చి, చతురస్రములుగా విభజించి, ఒకే కొలత గల పొలములను పెట్టుబడిదారులకు పంచిరి. నాలుగు శతాబ్దములు గడచినను ఆ గీతలు చెదరలేదు.

ఆ గీతలలోని సౌష్ఠవమును పొగడినవారు అనేకులు. నాకు వానికంటె విశేషముగా తోచునది మఱొకటి: భూమి పంచిన నాటినుండియు కట్టకును మరలకును కాలువలకును కావలసిన వ్యయమును, ఎవనికెంత భూమి యున్నదో దానినిబట్టి, భూస్వాములందఱు చెల్లింపవలెనను కట్టుబాటు, దానిని నడపు జలమండలి. కట్ట ఒకచోట తెగినచో మునుగునది ఒకని పొలము కాదు. అందుచేత అక్కడ భూమిపై పూర్ణస్వామ్యము కలవాడు సయితము నీటి విషయమున మండలి ఆజ్ఞకు లోబడినవాడే. మన శిఖము పట్టాదారు పేదవాడు, వారి వర్తకుడు కోటీశ్వరుడు. మనవాడు నీరు తగ్గువఱకు వేచియుండును, వారు నీటినే తోడివేసిరి. అయినను నీటిపట్ల బాధ్యత ముందు, నేలపై హక్కు తరువాత అను సూత్రమునొద్ద ఉభయులును కలిసికొనుచున్నారు.

ఆ సూత్రమును విడిచి సరస్సును పొలముగా మార్చబోయిన ఉదాహరణము మన తెలుగునాటనే కలదు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున సహజముగా ఏర్పడిన కొల్లేటిలోనికి బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏఱులు నీరు తెచ్చును. సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు ఒక్కటియే ఆ నీటిని సముద్రమునకు చేర్చును. సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తున నీరు నిలిచినప్పుడు సరస్సు వైశాల్యము 308 చదరపు కిలోమీటర్లు. పదియడుగుల ఎత్తున అది 901. అనగా వరదనాడు కొల్లేరు మూడింతలు కావలసియున్నది. ఆ విస్తరణకు చోటు చూపుటయే దాని పని. పూర్వము సరస్సులోని లంకల వారు నీరు తగ్గినచోట వేసవిలో వరి వేసికొని, నీరు వచ్చినప్పుడు చేపలు పట్టుకొని, దానితో సర్దుకొని బ్రదికిరి. ఇరువదవ శతాబ్ది ద్వితీయార్ధమున సరస్సు గర్భములో గట్లు లేచినవి, తరువాత ఆ గట్ల నడుమ చేపల చెఱువులు వెలసినవి. బేమ్‌స్టరు వారు సరస్సునకు వెలుపల వలయకాలువ త్రవ్వి నీటికి వేఱు దారి చూపిన పిదపనే లోపల దున్నిరి. ఇక్కడ ఉప్పుటేరు అదే ఉప్పుటేరు, వరద అదే వరద, మధ్యలో గట్లు మాత్రము క్రొత్తవి. ఫలితముగా ఎగువ పల్లెలు మునుగసాగినవి. 1999లో ఐక్యరాజ్యసమితివారి యునెస్కో బేమ్‌స్టరును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఆ 1999లోనే మన ప్రభుత్వము కొల్లేటిని అయిదడుగుల గీతవఱకు వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో అది రాంసార్ ఒడంబడిక జాబితాలో చేరినది. 2006లో గట్లను యంత్రములతో కూలద్రోయించవలసి వచ్చినది. ఒకే సంవత్సరమున ఒక సరస్సు ఎండియుండుటకును, మఱియొక సరస్సు నిండియుండుటకును గౌరవము పొందుట ఆలోచింపదగిన విషయము.

ఇందూరు సీమలో జరిగిన కథ ఈ రెంటికిని భిన్నమైనది. ఇక్కడ సరస్సును ఎండగట్టి పొలము చేయలేదు. సరస్సును సృష్టించి, దానికి ఎంతోదూరమున పొలమును సృష్టించిరి. కొలిచి, గీచి, సంఖ్యలు వేసి ఒక భూభాగమునంతను క్రొత్తగా నిర్మించిన పని మన తెలుగుదేశమున ఎక్కడ జరిగినదని ఎవరైనను అడిగినచో బాన్సువాడనుండి బోధను మీదుగా ఆర్మూరు దిక్కునకు సాగు నిజాంసాగరు కాలువను చూపవచ్చును.

బాలాఘాటు కొండలలో పుట్టి బీదరు, మెదకు సీమలలో మెలికలు తిరిగి ఉత్తరాభిముఖియైన మంజీర కందకుర్తికడ గోదావరిలో కలియుటకు పూర్వము, అచ్చంపేట, బంజేపల్లి గ్రామములచెంత దానికి అడ్డముగా కట్ట వేయవలెనను సంకల్పము 1923లో కార్యరూపము దాల్చినది. ఈ మహాకార్యమునకు సూత్రధారి హైదరాబాదు సంస్థానపు చీఫ్ ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు. ఆయన 1877లో జన్మించి, ఇంగ్లండునందలి కూపర్స్ హిల్ కళాశాలలో విద్యనభ్యసించి, స్వదేశమునకు వచ్చి జీవితమునంతను జలాశయ నిర్మాణమునకే ధారపోసి 1949లో గతించెను. ఆయన జన్మదినమైన జూలై 11ను నేడు తెలంగాణమున ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు. 1931 నాటికి కట్ట పూర్తియైనది. దానిలో నిలిచిన నీరు దాదాపు 30 శతకోటి ఘనపుటడుగులు. ఆ నీటిక్రింద సాగు కావలసిన భూమి 2,75,000 ఎకరములు. ప్రధాన కాలువ 155 కిలోమీటర్ల పొడవు.

ఈ కాలువ పోకడను తెలిసికొన్నచో దాని వెనుకనున్న బుద్ధిబలము తెలియును. నీరు తనంతట తాను పాఱవలెను, యంత్రసాయము లేదు. కావున కాలువ పల్లమునకు దిగక, మెరకకు ఎక్కక, నేల వాలులో ఒకే ఎత్తును వెదకుకొనుచు, గుట్టవచ్చినచోట చుట్టుతిరిగి, వాగు వచ్చినచోట దానిపై వంతెనగానో క్రింద సొరంగముగానో దాటి, అంగుళములలో మాత్రమే దిగుచు మైళ్ళకొలది పోవలసియుండెను. ప్రధాన కాలువనుండి చీలిన ఉపకాలువలకు పేర్లు పెట్టలేదు, సంఖ్యలు వేసిరి. ఈనాటికిని ఈ సీమ రైతు తన పొలము ఎక్కడనని అడిగినచో ఊరిపేరుతోపాటు డిస్ట్రిబ్యూటరీ సంఖ్య చెప్పును. తూమునకు తూమునకు నడుమ ఎంత నేల, వానకారు ఆబిలో ఎంత తరి, యాసంగి తాబిలో ఎంత తరి, చెఱకు ఎక్కడ, మురుగునీరు పోవు దారి ఎటు అను విషయములన్నియు కాగితముపై ముందుగా తేలి, పిమ్మట నేలపై పడినవి. నిజామాబాదు బోధనుల నడుమ, గుట్టల ఒడిలో కట్టిన అలీసాగరు ఆ కాలువ నీటిని నడుమ నిలిపి దిగువవారికి అందించుటకు ఏర్పడిన నెలవే. విహారమునకు వచ్చువారు దాని ఉద్యానమును మెచ్చుకొందురు గాని, అది తొలుత ఒక లెక్కలోని భాగమని స్మరించువారు తక్కువ.

అయితే కాలువ త్రవ్వినంతమాత్రమున పొలము కాదు. ఇక్కడి రైతు తరతరములుగా చెఱువు క్రింది చిన్న మడిని, వానపై ఆధారపడిన జొన్నచేనును ఎఱిగినవాడు. రెండు లక్షల ఎకరములకు పైబడిన నేల ఒక్కసారిగా తరి కావలసివచ్చినప్పుడు దానిని మడులుగా చదును చేయుటకు పెట్టుబడి లేదు, బోదెలు తీయుటకు మనుష్యులు చాలరు, ఏపుగా పెరిగిన తుమ్మను మోదుగను నఱకుటకు ఓపిక కావలెను. ఇట్టి సమయమున గుంటూరు, కృష్ణా, గోదావరీ మండలముల నుండి డెల్టా సాగునందు ఆఱితేరిన కుటుంబములు, అక్కడ ఎకరము అమ్మి ఇక్కడ పలు ఎకరములు కొనవచ్చునను ఆశతో, బండ్లలోను రైళ్ళలోను సామానులు వేసికొని బోధను, వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతములకు తరలివచ్చినవి. వారు తొలుత డేరాలు, పాకలు వేసికొనిన చోట్లు క్యాంపులనిపించుకొన్నవి. పెంకుటిండ్లు లేచి, గుడులు బడులు వెలసిన తరువాతను ఆ ఊళ్ళకు క్యాంపు అను పేరు పోలేదు. పాత ఊరు చెఱువు కట్ట వెంబడి, కోట బురుజు నీడలో, వంకరటింకర సందులతో ఉండగా, దాని ప్రక్కనే క్యాంపు కాలువ గట్టుకు ఎదురుగా, తిన్నని వీథితో, ముంగిట గడ్డివాముతో ఏర్పడినది. రెండు భాషారీతులు, రెండు వంటలు, రెండు వ్యవసాయములు ఒకే తూము నీటిపై ఆధారపడి బ్రదుకవలసివచ్చెను. తొలినాళ్ళలో మనస్పర్థలు లేకపోలేదు. నీటి వంతులలో, భూముల ధరలలో స్థానికుడు తాను వెనుకబడితినని బాధపడిన సందర్భములు పెక్కు. ఆ బాధ నిజమైనది. కాలువ వచ్చునని ముందు తెలిసినవాడు భూమిని కొనెను, తెలియనివాడు అమ్ముకొనెను. అయినను మడి దిద్దుటను, నాటు వరుసను, నీటి నిలువను ఒకరినుండి ఒకరు నేర్చుకొనిన పరిణామమున ఈ సీమ ధాన్యాగారమైన మాటయు అంతే నిజము.

ఈ క్రొత్త నేలకు కిరీటమువంటిది బోధనులోని చక్కెర కర్మాగారము. అశ్మక జనపదమునకు రాజధానియైన పోదనము ఇదియేయని చరిత్రవేత్తలు చెప్పు ఈ ప్రాచీన నగరమున, కాలువ పాఱిన ఆఱేడు వత్సరములకే, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమైనది. చెఱకు ఏడాది పొడవున నీరు త్రాగు పైరు. దానిని నిత్యము ఆడించుటకు సమీపమునందే వేలాది ఎకరములు కావలెను. కాలువ లేనిచో కర్మాగారము లేదు. కర్మాగారము కేవలము రైతులు తెచ్చు చెఱకుపై ఆధారపడక, స్వంత ఫారములను వేలాది ఎకరములలో తీర్చుకొని, వానినడుమ శక్కర్‌నగర్ అను పురమును నిర్మించుకొనెను. ఉద్యోగుల బంగళాలు, కార్మికుల వరుసయిండ్లు, వైద్యశాల, బడి, చెట్లు నాటిన బాటలు, చెఱకు తూచు కాంటాలు, మొలాసిస్‌నుండి ఆల్కహాలు తీయు బట్టీ, ఇవన్నియు ఒకే చేతితో గీచినట్లుండెడివి. నిజామాబాదు మీదుగా మన్మాడునకు పోవు రైలుమార్గము నుండి జానకంపేటకడ ఒక శాఖ చీలి బోధనునకు వచ్చినది. కార్తీకమునుండి చెఱకు బండ్లు రాత్రింబవళ్ళు కాంటాలముందు బారులుతీరి నిలుచుటయు, ఊరంతయు బెల్లపుపాకపు వాసన క్రమ్ముకొనుటయు మూడు తరములవారి జ్ఞాపకములలో నిలిచియున్నది. రుద్రూరులో చెఱకునకు వరికి పరిశోధనాక్షేత్రము వెలసి, ఏ నేలకు ఏ రకము అనుకూలమో చెప్పుచుండెను. ఆసియా ఖండముననే మిక్కిలి పెద్దదిగా ఒకప్పుడు ప్రసిద్ధిచెందిన ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యమున పడి, 2015 డిసెంబరులో మూతపడినది. ఫారముల భూములు అంతకుముందే ముక్కలుగా అమ్ముడుపోయినవి. తూచుటకు చెఱకు లేని కాంటాలను, పాఱుచున్న కాలువను ఒకేచోట చూచునప్పుడు నా మనస్సు కలతపడును. ఒక సీమను ఒక పంటకై గీచినప్పుడు ఆ పంటకు నీడనిచ్చు సంస్థ కూలినచో గీతలు మిగిలియు సీమ దిక్కులేనిదగునని ముందుచూపుగలవారు ఎన్నడో తలపవలసినది.

నీటి సంగతియు అట్లే పరిణమించినది. ఆనకట్ట వెనుక నిలిచిన నీటితోపాటు మంజీర మోసికొనివచ్చు మన్నును నిలిచినది. దాదాపు 30 శతకోటి ఘనపుటడుగుల నిజాంసాగరు క్రమక్రమముగా పూడి, తరువాత నీటిమట్టమును పెంచి సవరించినను, నేడు 17.8కు దిగినది. పిమ్మట 1980 దశకమున ఎగువ సింగూరు వద్ద అంతటి జలాశయమే లేచి, హైదరాబాదు మహానగరపు దాహము తీర్చు బాధ్యత మంజీరపై పడినది. నగరమునకు త్రాగునీరు వలదని ఎవ్వరనగలరు? కాని కాలువ మొదటనున్న బాన్సువాడ పొలమునకును, కాలువ కొసనున్న నిజామాబాదు, ఆర్మూరు పొలమునకును ఆ లోటు సమానముగా పంచబడలేదు. కొసరైతు తన మడిలో బావి త్రవ్వుకొనెను, బోరు వేసికొనెను, పసుపునకో మక్కకో మళ్ళెను. కాగితముపైని గీతలో అతని నేల ఇప్పటికిని ఆయకట్టే.

జలాశయపు అడుగునబడిన పల్లెల మాట ఆ కాగితమున ఇంకను చిన్న అక్షరములలో ఉన్నది. నిజాంసాగరునకై నలుబదికి పైగా గ్రామములను ఖాళీ చేయించిరి. క్యాంపులకు వచ్చినవారి చరిత్ర ఇంటింట వినబడును. ముంపు పల్లెలనుండి పోయినవారి చరిత్ర అరుదుగా వినబడును. మూడు దశాబ్దములు గడచిన తరువాత ఇదే కథ గోదావరిమీద, ఇంకను పెద్ద ప్రమాణమున, నవీపేట నందిపేట సీమలకు సంభవించినది. 1963 జూలై 26న పండిత జవాహర్‌లాల్ నెహ్రూ పోచంపాడున శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము 112 శతకోటి ఘనపుటడుగుల సంకల్పము. దాని కాకతీయ కాలువ కరీంనగరు, వరంగల్లు దిక్కునకు పాఱి, ఎప్పుడును గోదావరి మొగము చూడని మెట్టలకు తరి భాగ్యమునిచ్చినది. ఆ భాగ్యమునకు మూలధనముగా పెట్టినది ఈ తీరపు పల్లెల నల్లరేగడి. పరిహారము పుచ్చుకొని మెరకకు కదలిన కుటుంబములు వేసవిలో నీరు తగ్గగానే తమ తాతల పొలము గట్లను గుర్తుపట్టి అందే విత్తనము చల్లుకొనుట చూచినప్పుడు, శిఖమను పాత సంప్రదాయము ప్రభుత్వపు ఉత్తరువు లేకయే ఒక మహాజలాశయమున తిరిగి మొలకెత్తినదని తెలియును. కృష్ణజింకలును, వలసవచ్చిన కొంగలును ఆ పైరుల నడుమ తిరుగుచుండును.

ఇక్కడనే ఈ సీమ చరిత్రలోని మిక్కిలి ఆశ్చర్యకరమైన ఘట్టమొకటి జరిగినది. మంజీర నీరు చాలక ఎండిన నిజాంసాగరు కొస ఆయకట్టును బ్రదికించుటకు, ఈ శతాబ్దపు తొలి దశకమున, నవీపేట మండలములోని కోస్లి వద్ద శ్రీరామసాగరపు వెనుకనీటిలో పంపులను నెలకొల్పి, ఆ నీటిని అంచెలంచెలుగా పైకెత్తి అలీసాగరమున పోసి, అచ్చటినుండి 53,793 ఎకరములకు అందించు ఎత్తిపోతల పథకమును నిర్మించిరి. అలీ నవాజ్ జంగు గీచిన కాలువయందే, ఆయన తలపని నది నీరు, ఆయన తలపని దిక్కునుండి పాఱసాగినది. బేమ్‌స్టరులో గాలిమరల స్థానమున ఆవిరి యంత్రములు, వాని స్థానమున విద్యుద్యంత్రములు వచ్చి నేటికిని నీటిని వెలికి తోడుచున్నవి. కోస్లిలో విద్యుద్యంత్రములు నీటిని పొలమునకు ఎత్తుచున్నవి. వాలును నమ్ముకొని పుట్టిన ఆయకట్టు మీటను నమ్ముకొను స్థితికి వచ్చినది. పథకమును నేను నిండుమనసుతో మెచ్చుకొందును. అది పాఱిన ఊళ్ళలో తాబి పైరు తిరిగి పచ్చబడినది. అయితే యంత్రములకు, విద్యుత్తునకు, మరమ్మతులకు ఎప్పటికప్పుడు ధనము పెట్టు ఏర్పాటు హాలెండులోవలె రైతుల మండలి చేతిలో గాక ప్రభుత్వపు ఏటేటి దయలో ఉన్నంతవఱకు, ఆ పచ్చదనము ఏడాదికొకమాఱు పరీక్షకు నిలుచుచునే ఉండును.

శ్రీరామసాగరమును పూడుచున్నది. 112 అని మొదలుపెట్టిన లెక్క కొలిచిన కొలది 90కి, ఇటీవల 80కి సమీపమునకు వచ్చినది. ప్రవాహము మందగించు చోట మన్ను దిగును. జలాశయమున నది ప్రవేశించు చోటు, అనగా యంచ కోస్లి పరిసరములు, అట్టిదే. అడుగు లేచినచో అంతే వరదకు నీరు ఇంతకుముందుకంటె దూరము ప్రాకును. పెద్ద వరద వచ్చిన సంవత్సరములలో ప్రభుత్వము సేకరించిన హద్దును దాటి, పరిహారమెన్నడును పొందని పట్టా పొలములలోనికి వెనుకనీరు ప్రవేశించి సోయా, వరి పైరులను ముంచివేయుచున్నది. ఆ రైతు శిఖము రైతు కాడు. నీటితో ఒడంబడిక చేసికొనినవాడు కాడు. అతని పొలము అతనికి తెలియకయే శిఖమైనది. ప్రాజెక్టు కట్టిననాటి ముంపు గీతను నేటి పూడికను లెక్కించి మరల కొలిపించి, ఊరూర హద్దురాళ్ళు నాటించి, గీతకు లోపలబడిన క్రొత్త పట్టాలకు పరిహారమిచ్చి, నీరు తగ్గినప్పుడు వానిలో విత్తుకొను హక్కును ఆ కుటుంబములకే శిఖము కట్టుబాట్లతో వ్రాసియిచ్చుట ప్రభుత్వము వెంటనే చేయవలసిన పని. అందునకు చట్టమును క్రొత్తగా కనిపెట్టనక్కఱలేదు. ఇందూరు సీమ చెఱువుల గర్భమున ఆ పద్ధతి ఇదివఱకే నడచియున్నది.